పాలకొడిశ జోడుగిన్నెలు

మా మనవరాలు మొన్న ఒక చెక్క గిన్నె, దానికి జతగా ఒక చెక్క చెంచా కొనుక్కొచ్చింది. ఎక్కడో మంచు కురిసే దేశంలో తెల్ల బెరడు చెట్టు కొట్టి, పచ్చి చెక్కను చేత్తో చెక్కి చేశారట. అట్టపెట్టె, పెట్టెలో మెత్తటి కాగితం, కాగితంలో మళ్ళీ ఒక చీటీ. బంగారం కొన్నా ఇంత ముస్తాబు ఉండదు. చేతిలోకి తీసుకుని బొటనవేలితో లోపలంతా తడిమి చూశాను. ఉలి నడిచిన జాడ ఒక్కటి లేదు. మిషను మీద తిప్పేసి, చేత్తో చేసినట్టు కనపడాలని పైన నాలుగు గాట్లు పెట్టారు. దాన్ని చూసి మురిసిపోయేవాళ్ళున్నారు కాబట్టి చేసేవాళ్ళున్నారు. ఆ మాటంటే పిల్ల మొహం మాడ్చుకుంటుందని, బాగుందే అని ఊరుకున్నాను. చీటీలో ఏం రాశారో చదవమన్నాను. ఎండలో పెట్టకూడదని రాశారట.

ఆ పెట్టె మొత్తంలో నిజమైన మాట అదొక్కటే. అది విన్న దగ్గర్నుంచి నాకు అన్నం సయించడం లేదు.

మాది వడ్రంగుల ఇల్లు. మాచర్లకు, గురజాలకు మధ్యన ఒక ఊరు. వాకిట్లో నాపరాళ్ళు పరిచి ఉండేవి, వాకిలి పక్కన కొట్టం. కొట్టంలో ముప్పాతిక మా అయ్యది, ఒక మూల మా చిన్నాయనది. అయ్య బండ్లు చేసేవాడు. ఆ సంగతి ఆయన నిద్రలో కూడా మరిచిపోయేవాడు కాదు. తన చేతి ఇరుసు పలనాటిలో ఎక్కడా విరగలేదని వచ్చేపోయే వాళ్ళందరికీ చెప్పేవాడు. ఒకసారి నాపరాళ్ళు తోలే బండి ఒకటి ఇరుసు విరిగి దారిలో కూలబడితే, తప్పు ఎద్దులదన్నాడు. విన్నవాళ్ళు తలలూపారు. మా ఊళ్ళో వానలకు కొరత గానీ తలలూపేవాళ్ళకు ఎన్నడూ కొరత లేదు.

చిన్నాయన అయ్యకు తమ్ముడు. పుట్టినప్పటి నుంచీ ఉబ్బసం మనిషి. తుమ్మ మొద్దు ఎత్తబోతే ఆయాసమొచ్చి కూలబడేవాడు. అందుకని సంగటి కెలికే తెడ్లు, గరిటెలు, మజ్జిగ గిన్నెలు, ఉప్పు పోసుకునే మరిగెలు చెక్కేవాడు. అయ్య లెక్కలో అది పనే కాదు. తమ్ముణ్ణి ఎదురుగానే "గరిటెలోడు" అని పిలిచేవాడు. చిన్నాయన నవ్వేవాడు. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్ళు మండేది. తిట్టినవాడి మీద కాదు, నవ్వినవాడి మీద. మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అని ఊరికే అనలేదు పెద్దలు. నాకు అప్పటికి తొమ్మిదో పదో ఏళ్ళు. ఆ వయసుకే మనుషులను చులకన చెయ్యడం మా అయ్య దగ్గర బాగా నేర్చుకున్నాను.

అప్పుడు ఎక్కడో యుద్ధం జరుగుతోంది. యుద్ధం మా ఊరికి రాలేదు గానీ దాని దరిద్రం వచ్చింది. కిరసనాయిలు లేదు, గుడ్డ లేదు. ఆడవాళ్ళను అన్నిటికన్నా ఏడిపించింది తగరం దొరక్కపోవడం. ఏటా ఎండాకాలం వచ్చి ఇత్తడి గిన్నెలకు కళాయి పూసే సాయిబు రావడం మానేశాడు. కళాయి లేని ఇత్తడిలో పులుసు పోస్తే చిలుమెక్కి కడుపులో తిప్పుతుంది. అంతవరకూ చెక్క గిన్నె అంటే ముష్టివాడి చిప్ప అని మూతులు తిప్పిన మోతుబరుల ఆడవాళ్ళు, మా కొట్టం ముందు కొంగులు నెత్తిన వేసుకుని నిలబడి, అబ్బాయ్ నాకో పులుసు గిన్నె, నాకో మజ్జిగ గిన్నె అని చిన్నాయనను బతిమాలేవాళ్ళు. గిన్నె చెయ్యించుకుని చాటలతో జొన్నలు, కందులు పోసి వెళ్ళేవాళ్ళు. వెళ్తూ వెళ్తూ, ఏదో యుద్ధం రోజులు కాబట్టి గానీ, అని ఒక విసురు విసిరి వెళ్ళేవాళ్ళు. అది కూడా చిన్నాయనకు నవ్వే.

ఆ గింజలన్నీ మా అమ్మ గుమ్మిలో పడేవి. బండి చక్రాల కట్టుకు ఇనుము లేక అయ్యకు ఆ రోజుల్లో పని లేదు. ఇల్లు నడిపింది గరిటెలోడే. అయినా సంగటి ముద్ద ముందు అయ్యకే, గోంగూర పులుసులో ఉల్లిపాయలు అయ్యకే, పెద్ద పీట అయ్యకే. చిన్నాయన గడప పక్కన కూర్చుని మిగిలింది తినేవాడు.

ఆయన చెక్కేది పాలకొడిశ చెట్టు చెక్క. కొండవైపు పోయి కొట్టుకొచ్చేవాడు. కొట్టిన రోజే పని మొదలుపెట్టాలి. ఆరిన చెక్క ఉలిని నెట్టేస్తుంది, పచ్చి చెక్క జున్నులా తెగుతుంది. దుంగను నిలువునా చీల్చి, నడిమి బెండు తీసేసి, బాడిసతో గుల్ల చేసి, వంకర ఉలితో లోపల నున్నగా తిప్పుకొచ్చేవాడు. ఆఖరున గరుకుగా ఉండే బరివెంకాకుతో రుద్దేవాడు. పచ్చి చిక్కుడుకాయ తుంచితే వచ్చే వాసన కొట్టమంతా ఉండేది. అందులో కాస్త చేదు. చుట్టలు చుట్టలుగా రాలే చెక్క పొట్టును నేను చెవులకు తగిలించుకుని రింగులని తిరిగేదాన్ని.

ఆ చెక్క నుంచి పాలు కారేవి. ఆరితే బంకలా పట్టేది. నన్ను గరిటెలోళ్ళ పిల్లా అని ఏడిపించిందని ఎదురింటి పిల్ల జడకు ఆ పాలు పట్టించాను. జడ కింది సగం కత్తిరించాల్సి వచ్చింది. మా అమ్మ తెడ్డు తీసుకుని నా వీపు మీద పడింది. చిన్నాయన అడ్డం వచ్చి, తను చెక్కిన తెడ్డుతో తనే రెండు దెబ్బలు తిన్నాడు. నాకు జాలి కలగలేదు. దెబ్బలు తినడానికే పుట్టినవాడు అనుకున్నాను.

చెక్కడంతో పని అయిపోదు. గిన్నెను ఆరబెట్టడంలో ఉంది అసలు విద్య. కందిపొట్టు నింపిన బానలో గిన్నెను పూడ్చి, మూత పెట్టి, చీకటి మూలలో నెల రోజులు వదిలెయ్యాలి. ఒకసారి నా బొమ్మరింటికని బెత్తెడు గరిటె చేసిచ్చి, పొట్టులో పెట్టుకోమన్నాడు. నాకంత ఓపిక ఎక్కడిది? తీసుకెళ్ళి వాకిట్లో నాపరాయి మీద ఎండలో పెట్టాను. కాసేపటికి టిక్కుమని నడిమికి పగిలింది. ఏడ్చుకుంటూ తీసుకెళితే చిన్నాయన ఆ పగులు మీద నా వేలు పెట్టి చెప్పాడు.

"చెక్కలో నీళ్ళుంటయ్యి తల్లీ. అయ్యి నిమ్మళంగా పోవాల. తరిమితే చించుకుని పోతయ్యి."

నాకు అర్థమైంది. చానా బాగా అర్థమైంది. ఈ కథలో నా సంగతి తేల్చుకోవాలంటే అదొక్కటి గుర్తుంచుకుంటే చాలు.

ఆ ఎండాకాలమే చిన్నాయనకు సంబంధం వచ్చింది. నాయనమ్మ పోరగా పోరగా వచ్చింది. నేను కళ్ళు మూస్తే వీడికి వేళకు ముద్ద పెట్టేదెవరని ఆమె ఏడాదిగా అందరి ప్రాణాలూ తోడేస్తోంది. పిల్ల తండ్రి రెంటచింతల వైపు వడ్రంగి. ఎడమ చేతికి ఒక వేలు లేని పెద్దాయన. ఉబ్బసం సంగతి విని కూడా, తిండికి లోటు లేకుండా పని చేస్తాడుగా అన్నాడు. మా వాళ్ళలో అప్పట్లో ఒక ఆచారం ఉండేది. పిల్లనిచ్చేవాడు పచ్చి దుంగ ఒకటి తెచ్చి పెళ్ళికొడుకు చేతిలో పెట్టి వెళతాడు. ఆ ఒక్క దుంగలోంచి రెండు గిన్నెలు తీయాలి. బాన మూత మళ్ళీ ఇద్దరు వియ్యంకుల ముందే తెరవాలి. ఆ జోడుగిన్నెల్లో పానకం పోసుకుని తాగితే సంబంధం ఖాయమైనట్టు. గిన్నె కారిందా, పెళ్ళికొడుకు చెయ్యి మంచిది కాదని సంబంధం తప్పిపోయినట్టు.

చిన్నాయన ఆ రెండు గిన్నెలు చెక్కిన తీరు నేను చూశాను. ఉబ్బసం మనిషి ఊపిరి బిగబట్టి ఉలి నడిపించాడు. గోరంత మందాన, ఒకదాని అంచు ఇంకొకదాని మీద కూర్చునేలా తీశాడు. అప్పుడప్పుడూ ఎవరూ చూడటం లేదనుకుని తనలో తను నవ్వుకున్నాడు. ఎప్పుడూ నవ్వే నవ్వు కాదది. ముప్ఫై ఏళ్ళ మనిషికి మొదటిసారి తనకంటూ ఏదో రాబోతోందని ఆ మొహం చూస్తే ఎవరికైనా తెలిసేది. మా అయ్యకూ తెలిసింది.

అయ్య పైకి ఏమీ అనలేదు. అనేంత ధైర్యం ఆయనకు ఏనాడు ఉంది గనక? ఇంట్లో పులి, వీధిలో పిల్లి. తమ్ముడికి పెళ్ళయితే రేపో మాపో వేరు పడతాడు, గుమ్మిలో గింజలు వేరవుతాయి, బండ్లు చేసే మహానుభావుడి బతుకు బయటపడుతుంది. ఆ లెక్క అమ్మ కూడా వేసింది. నాతో మాత్రం ఇంకో మాట చెప్పింది. వచ్చేదాని కొంగు పట్టుకుని తిరుగుతాడు మీ చిన్నాయన, ఇక నిన్ను చూసినట్టే, నీకు గరిటెలు చేసినట్టే, అంది. చిన్నాయన అంటే నాకు గౌరవం లేదన్నాను కదా. గౌరవం లేకపోయినా ఆయన నాకే ఉండాలి. అంత నీచమైనది నా బుద్ధి.

రోహిణి కార్తె వచ్చింది. రోళ్ళు పగిలే ఎండలు. ఇంకో నాలుగు రోజుల్లో పెద్దాయన వస్తాడనగా, ఒక పొద్దున చిన్నాయన కొండకు పోయాడు. అయ్య గురజాల ప్రయాణమై, చెప్పులేసుకుని, నన్ను పక్కకు పిలిచాడు.

"అమ్మాయ్, ఆ బానలో గిన్నెలు బూజు పట్టుంటయ్యి. కాస్త ఎండ చూపించి మళ్ళీ పూడ్చిపెట్టు. మీ చిన్నాయనకి చెప్పబాక, కంగారుపడతాడు."

ఆయన నా కళ్ళల్లోకి చూడలేదు. చెప్పేసి, కండువా దులుపుకుని వెళ్ళిపోయాడు. పాపం చెయ్యడానికి కూడా సొంత చెయ్యి పెట్టలేని మనిషి. దానికొక చిన్నపిల్ల కావాల్సి వచ్చింది. ఛీ.

ఆ పిల్ల మాత్రం ఏం తక్కువ తిన్నది? అయ్య చెప్పాడు కాబట్టి చేశానని ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకోబోయి చెప్పుకోలేకపోయాను. ఎండలో పెడితే ఏమవుతుందో ఊళ్ళో ఏ పిల్లకూ తెలియనంతగా నాకు తెలుసు. మధ్యాహ్నం నాయనమ్మ నిద్రపోయాక బాన మూత తీశాను. రెండు గిన్నెలూ కందిపొట్టు దులిపి, కాలుతున్న నాపరాయి మీద బోర్లించాను. చూరు నీడలో కూర్చుని చూస్తూ ఉన్నాను. పచ్చి మామిడికాయ ముక్కకు ఉప్పూ కారం అద్దుకుని తింటూ చూశాను. ఆ చప్పుడు వినపడ్డాక లేచి, రెండూ తీసి, మళ్ళీ పొట్టులో పూడ్చి, మూత పెట్టి, చేతులు కడుక్కున్నాను. పగిలింది ఒకటే. రెండోది నిలిచింది.

పెద్దాయన వచ్చిన రోజు నాయనమ్మ మిరియాలు, యాలకులు దంచి పానకం చేసింది. ఇల్లంతా ఆ ఘాటు. చాపలు వేశారు. చిన్నాయన ఉతికిన పంచె కట్టుకుని, బాన తెచ్చి అందరి మధ్యా పెట్టి మూత తీశాడు. పైనున్న గిన్నెను పొట్టులోంచి తీసి, పంచె చెంగుతో తుడిచి కాబోయే మామగారికి ఇచ్చాడు. పెద్దాయన పానకం పోయించుకుని తాగి, గిన్నెను తిప్పి తిప్పి చూసి, పనోడివేనబ్బాయ్ అన్నాడు. నాయనమ్మ కళ్ళు తుడుచుకుంది. మా అయ్య కూడా తుడుచుకున్నాడు, ఆ దొంగ కళ్ళు.

తాత లేడు కాబట్టి రెండో గిన్నె అయ్యకివ్వాలి. పానకం నింపి పెద్దాయనే తన చేత్తో అందించబోయాడు. అందిస్తుండగానే ఆయన తెల్లపంచె మీద ధారగా కారింది. చిన్నాయన మొహంలో నెత్తురు లేదు. పెద్దాయన పానకం చెంబులోకి వంచేసి, గడప దగ్గరికి వెళ్ళి గిన్నెను వెలుతురుకు పట్టి చాలాసేపు చూశాడు.

"పొట్టులో పగిలే చెక్క అడుగు నుంచి పగులుద్ది. ఇది అంచు నుంచి దిగింది. దీన్ని ఎవురో తీసి ఎండలో పెట్టారు" అన్నాడు.

అయ్య ఒక్క క్షణం కూడా ఆగలేదు. "ఇంకెవురు, ఈ గాడిద పిల్లే అయ్యుంటది. దీని చేతులు ఊరికే ఉండవు" అన్నాడు.

అందరూ నా వైపు చూశారు. నువ్వేగా పెట్టమన్నావు అయ్యా, అంటే సరిపోయేది. ఆ ఒక్క మాట నోటి దాకా వచ్చింది. కానీ అంటే, ఎండలో పెడితే పగులుతుందని మరి నీకు తెలియదా అని చిన్నాయన అడుగుతాడు. నా వేలు పగులు మీద పెట్టి చెప్పిన మనిషి ఆయనే. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. ఏడవనన్నా ఏడవలేదు.

"పిల్లది కాదు మావా. నేనే పెట్టాను. తొందరపడ్డాను" అన్నాడు చిన్నాయన.

ఒరేయ్ అంది నాయనమ్మ. పెద్దాయన వచ్చి చిన్నాయన ఎదురుగా కూర్చున్నాడు. కోపంగా లేడు. కోపంగా ఉంటే బాగుండేది.

"కొత్తగా బాడిస పట్టిన పిల్లోడు కూడా చెయ్యని పని నువ్వు చేశానంటే నేను నమ్మాలా? ఎవురు పెట్టించారో నీకు తెలుసు. ఇప్పుడు నాకూ తెలిసింది. ఈ ఇంటి కోసం నీ పనితనాన్నే బురదలో పడేసుకున్నావే, రేపు నా బిడ్డని ఈ ఇంట్లో ఒక మాటంటే నువ్వేం చేస్తావబ్బాయ్? ఇట్టాగే కప్పిపెట్టి నవ్వుతావు. నీ చేతికి పిల్లనియ్యొచ్చు. నీ నోటికి ఇయ్యలేను."

చిన్నాయన తల వంచుకున్నాడు. కాదు మావా, నిలబడతాను, అంటాడేమోనని పెద్దాయన కాసేపు చూశాడు. నిజంగానే ఎదురుచూశాడు, నేను ఆయన మొహం చూస్తూనే ఉన్నాను. చిన్నాయన నోరు తెరవలేదు. అప్పుడు పెద్దాయన లేచి, పగలని గిన్నెను తన సంచిలో వేసుకుని, నాయనమ్మకు దండం పెట్టి వెళ్ళిపోయాడు.

పొగరుమోతు సంబంధం, తప్పిపోవడమే మంచిదైందని ఆ సాయంత్రం అయ్య ఊరంతా చెప్పుకొచ్చాడు. ఊరు తలూపింది. పగిలిన గిన్నెను అమ్మ కోళ్ళకు నూకలు పోసే చిప్ప చేసింది. చిన్నాయన మర్నాడు మామూలుగానే కొట్టంలో కూర్చుని మోతుబరి ఇంటికి మజ్జిగ గిన్నె చెక్కాడు. నాకేసి చూసి నవ్వాడు కూడా.

ఆయన చెప్పిన అబద్ధం మాత్రం ఊరికే పోలేదు. పచ్చి చెక్కను ఎండలో పెట్టుకున్నోడని మా వాళ్ళలో పేరు పడిపోయింది. ఇంకో సంబంధం రాలేదు. యుద్ధం ఆగింది, తగరం వచ్చింది, సాయిబు తిత్తి భుజాన వేసుకుని వచ్చాడు, వెనకాలే సత్తు గిన్నెలు వచ్చాయి. మోతుబరుల ఆడవాళ్ళు చెక్క గిన్నెలను పొయ్యిలో పెట్టుకున్నారు. నాయనమ్మ పోయింది. చిన్నాయన గడప పక్కనే కూర్చుని, మా అమ్మ పెట్టింది తిని, మా అమ్మ పోయాక నా తమ్ముడి పెళ్ళాం పెట్టింది తిని ముసలివాడయ్యాడు.

మంచం పట్టాడని తెలిసి, ఈసారైనా చెప్పాలని వెళ్ళాను. అప్పటికి నాకు పెళ్ళీడు పిల్లలు. బస్సులో మాటలన్నీ వరసగా పేర్చుకున్నాను. ఆయన పక్కన పీట వేసుకుని కూర్చున్నాను. ఆయాసంతో ఎగిరిపడుతున్న ఎముకల గూడు.

"ఏంది తల్లీ, ఏదో చెప్పాలని వచ్చినట్టుండావు" అన్నాడు.

"ఏం లేదు చిన్నాయనా. ఊరికే చూసిపోదామని వచ్చా" అన్నాను.

ఆయన కాసేపు నా మొహంలోకి చూసి, అట్టాగా, అని కళ్ళు మూసుకున్నాడు. పిల్లలకు తినిపించమని మంచం కింద ఉన్న వేరుశనక్కాయల మూట చూపించాడు. తీసుకున్నాను. ఆ వారమే పోయాడు.

మా అయ్యను ఇప్పటికీ అసహ్యించుకుంటాను. కానీ ఆయన కనీసం నలుగురి ముందు నోరు తెరిచి అబద్ధమాడాడు. నేను నోరు మూసుకుని ఆడాను, ఒకసారి చిన్నపిల్లగా, ఇంకోసారి నలభై ఏళ్ళ ఆడదానిగా, చచ్చిపోతున్న మనిషి ఇంకేమన్నా చెబుతావా అని చూస్తూ ఉండగా.